కూలర్ తొట్టిల సోయ

మొదటిసారి మక్కలు పెట్టినట్టు
వేలు మందం లోతుకు దూర్చిన.
పదిహేను రోజులు చూసిన. ఒక్కటీ లేవలే.
గోడ అవతల ఖైరున్ బీ నవ్వింది:
"గింజను బొంద పెట్టకు రాజలింగం,
దానికి ఎలుతురు కావాలె.
సల్లు, అరచేత్తో అద్దు, చాలు."
ఇంకో పొట్లం ఇచ్చింది.
విప్పితే చదును గింజలు, వీపు మీద గీతలు,
అంచుకు పల్చటి రెక్క,
గట్టిగ ఊపిరిడిస్తే ఎగిరేటట్టు.

దేశాయిపేటల మా ఇంటికి పెరడు లేదు.
ఉన్నదల్లా బాత్రూం గోడకు ఆనిచ్చిన
పాత కూలర్ తొట్టి, కారి కారి మూలకు పడ్డది.
అడుగున నాలుగు బొక్కలు కొట్టిన.
పరకాల నుంచి బామ్మర్ది పత్తిచేను మన్ను
యూరియా సంచిల తెచ్చిండు.
ఇసుక కలిపిన, పెంట కలిపిన,
కార్తీకం ఎండకు జరిపిన.

చీమలు గింజలను మోసుకుపోతయని
మార్కెట్ల పారేసిన మిర్చి బస్తా తడిపి
రాత్రిళ్లు కప్పిన.
చీమలు అంచు దాక వచ్చి
తుమ్మినయో ఏమో, మళ్లిపోయినయి.
ఇరవై రెండేండ్లల్ల ఆ మిర్చి
నా దిక్కు నిలబడ్డది అదొక్కసారే.

యెనుమాముల. జనవరి నుంచి మే దాక
ఎర్రటి గుట్టలు. తేజ, చపాట.
బస్తా వీపు మీదికి ఎక్కినప్పుడల్లా
గుక్కెడు దుమ్ము లోపలికి.
మొదట్ల తుమ్మేది, తర్వాత దగ్గేది,
ఆ తర్వాత ఏమీ లేదు.
ముక్కు ఏ యేడు పోయిందో యాదికి లేదు.
పప్పు మాడినా తెల్వదు,
తొలకరి పడ్డ మన్ను తెల్వదు.
బిడ్డ పుట్టినప్పుడు
"నెత్తి వాసన చూడు" అని
కొంరమ్మ ఎద మీంచి ఎత్తి ఇస్తే
చూసిన. ఊఁ అన్న.
అది అబద్ధమని ఇప్పటిదాక చెప్పలే.

పదకొండో రోజు పొద్దుగాల
మన్ను మీద పచ్చటి దారప్పోగులు.
చెంబుతో పోస్తే పడుకుంటయని
సీసా మూతకు సూదితో బెజ్జాలు పొడిచి
చినుకు చినుకు పోసిన.
బస్తాలు మోసే చెయ్యి ఇంత మెల్లగ కదులుతదని
నాకూ తెల్వదు.

ఒత్తుగున్నయి, పీకమన్నది కొంరమ్మ.
పీకి ఇంకోకాడ పెడితే బతకదట,
వేరు అలుగుతదట.
పీకినయన్నీ పెసరుపప్పుల ఏసింది.
నాలికకు కొంత తెలిసింది:
పులుపు కాదు, కారం కాదు,
సల్లగ ఎవరో పక్కనుంచి నడిచిపోయినట్టు.

మిగిలినయి కొయ్యనియ్యలే నేను.
పుష్యం నాటికి నడుమెత్తు లేచినయి.
కాడ గట్టిపడ్డది, నెత్తిన పసుపు పూలు,
ఒక్కోటి ఆవగింజంత.
పుల్లలన్నీ ఒక్క కొస నుంచి విప్పుకొని
గుడ్డ లేని గొడుగులు.
పేను పట్టింది. పేను తినే ఎర్ర పురుగులు వచ్చినయి.
తేనెటీగలైతే
నాకంటే ముందు లేచేటియి.

అప్పుడు మొదలైంది, మనుషులు ఆగుడు.
పాలు పోసే మొగిలి బండి ఆపి
ఒక కాలు నేల మీద పెడతడు.
ఖైరున్ బీ కీమాల వేయను రెమ్మ అడుగుతది.
బడికి పోయే పిల్ల, ఎవరి పిల్లో,
గోడకు గదువ ఆనిచ్చి కండ్లు మూసుకుంటది.
"ఏం వాసన బిడ్డా?" అంటే
"సోంపు... ఊహూఁ. సోంపు వానల తడిస్తే" అన్నది.
మొగిలి, "కోసిన గడ్డి, నిమ్మతొక్క" అంటడు.
ఖైరున్ బీ, "మా అమ్మ వంటిల్లు" అంటది.
ఒకరి మాట ఇంకొకరితో కలవదు.
అన్నీ దాసుకుంటున్న.

నిన్న రాత్రి బస్తాలు దించి వచ్చి
మెట్టు మీద కూసున్న.
కొంరమ్మ ఒక గొడుగు తెంపి, నలిపి,
నా ముక్కు కాడ పెట్టింది.
ఊఁ అనబోయిన.
నోరు తెరిచినంక రాలే ఆ మాట.
"నువ్వే చెప్పు" అన్న.

శానాసేపు నా మొఖమే చూసింది.
చెయ్యి దించలే.
"ఎప్పటి సంది?" అన్నది.